బొమ్మ అదే, పాట వేరు: ‘ది మంకీస్’ టీవీ ప్రసారాల కథ

నలుగురు కుర్రాళ్ల పాటల బృందం మీద తీసిన అమెరికన్ టీవీ కామెడీ ‘ది మంకీస్’ చూసి పెరిగిన ఇద్దరు అమెరికన్లను కూర్చోబెట్టి, ఫలానా ఎపిసోడ్‌లో దుండగులు వెంటపడి తరిమే చోట ఏ పాట వస్తుందని అడిగారనుకోండి. ఒకరు ఒక పాట పేరు, రెండోవారు ఇంకో పాట పేరు చెప్పే అవకాశం ఉంది. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ఒకరు 1966లో సోమవారం రాత్రి ఎన్‌బీసీలో చూసి ఉంటారు, మరొకరు 1970లో శనివారం పొద్దున సీబీఎస్‌లో. బొమ్మ అదే, వెనక వినిపించే పాట వేరు. ఈ షో అభిమానుల మధ్య ‘అసలు’ ఎపిసోడ్ ఏదన్న తగువు ఇక్కడే పుట్టింది. అది అర్థం కావాలంటే ఈ షో ఏ ఛానల్ నుంచి ఏ ఛానల్‌కు, ఎందుకు చేతులు మారిందో చూడాలి.

మనవాళ్లలో చాలామందికి ఈ షో తెలియదు. తెలియకపోవడం సహజమే. అది అమెరికాలో మొదలైనప్పుడు మన దేశంలో టీవీ అంటే ఢిల్లీ ఒక్కటే. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. కానీ 2001లో వచ్చిన ‘ష్రెక్’ చివర్లో అందరూ చిందులేసే ‘ఐయామ్ ఎ బిలీవర్’ పాట విన్నారు కదా. నీల్ డైమండ్ రాసిన ఆ పాటను 1966లో మొదట హిట్ చేసింది ఈ మంకీస్ నలుగురే.

ఈ నలుగురూ వీధిలో కలిసి వాయించుకుంటూ పైకొచ్చిన బ్యాండు కారు. 1964లో బీటిల్స్ సినిమా ‘ఎ హార్డ్ డేస్ నైట్’ ఆడాక, అలాంటి అల్లరినే వారం వారం టీవీలో చూపిస్తే బాగుంటుందనుకున్న ఇద్దరు కుర్ర నిర్మాతలు బాబ్ రాఫెల్సన్, బర్ట్ ష్నైడర్. వాళ్ల వెనక కొలంబియా పిక్చర్స్ వారి టీవీ విభాగం స్క్రీన్ జెమ్స్ ఉంది. 1965 సెప్టెంబరులో సినీ వ్యాపార పత్రికల్లో ఒక ప్రకటన పడింది: 17 నుంచి 21 ఏళ్ల మధ్య నలుగురు పిచ్చి కుర్రాళ్లు కావాలి, నటించాలి, పాడాలి. 437 మంది వచ్చారు. చిత్రమేమిటంటే చివరికి ఎంపికైన నలుగురిలో ఆ ప్రకటన చూసి వచ్చినవాడు టెక్సస్ నుంచి వచ్చిన మైక్ నెస్మిత్ ఒక్కడే. డేవీ జోన్స్ ఇంగ్లండు కుర్రాడు, బ్రాడ్‌వే నాటకాల్లో పేరు తెచ్చుకుని అప్పటికే కొలంబియాతో ఒప్పందంలో ఉన్నాడు. బీటిల్స్ తొలిసారి ఎడ్ సలివన్ షోలో కనిపించిన 1964 ఫిబ్రవరి 9 రాత్రి అదే వేదిక మీద జోన్స్ కూడా తన నాటక బృందంతో పాడాడు. మికీ డోలెంజ్ చిన్నప్పుడే ‘సర్కస్ బాయ్’ అనే టీవీ సీరియల్‌లో హీరో. పీటర్ టోర్క్‌ను పంపింది అతని మిత్రుడు, గాయకుడు స్టీఫెన్ స్టిల్స్.

ముందుగా నమూనాగా ఒక పైలట్ ఎపిసోడ్ తీసి జనానికి చూపిస్తే ఘోరంగా తన్నేసింది. ఈ పొడుగు జుట్టు కుర్రాళ్లెవరో, వీళ్లను చూసి ఎందుకు నవ్వాలో చూసినవాళ్లకు అంతుపట్టలేదు. రాఫెల్సన్ దాన్ని మళ్లీ ఎడిట్ చేశాడు. జోన్స్, నెస్మిత్ ఆడిషన్ల రోజు కెమెరా ముందు చేసిన వేళాకోళం ముక్కలు తీసుకొచ్చి అందులో కలిపాడు. పాత్రలు పరిచయం కావడంతో రెండోసారి మార్కులు అమాంతం పెరిగాయి, ఎన్‌బీసీ కొనేసింది. నన్నడిగితే ఈ షో తలరాత ఆ ఎడిటింగ్ గదిలోనే రాసేశారు. ఉన్న బొమ్మను కదిలించి, కలిపి, మార్చి మళ్లీ అమ్మొచ్చని అక్కడే తేలిపోయింది.

1966 సెప్టెంబరు 12, సోమవారం రాత్రి ఏడున్నరకు మొదటి ఎపిసోడ్ వచ్చింది. అమెరికా నెట్‌వర్కులు ప్రైమ్‌టైమ్ మొత్తాన్ని రంగుల్లో చూపించడం మొదలుపెట్టిన సీజన్ అదే. ఎన్‌బీసీ యజమాని ఆర్‌సీఏ. రంగుల టీవీలు తయారుచేసి అమ్మేదీ ఆర్‌సీఏనే. మంకీస్ రికార్డులు విడుదల చేసిన కోల్‌జెమ్స్ లేబుల్‌లోనూ స్క్రీన్ జెమ్స్ పక్కన ఆర్‌సీఏ ఉంది. అంటే షో చూడటానికి పెట్టె కొన్నా, చూశాక పాట నచ్చి రికార్డు కొన్నా డబ్బు ఒకే ఇంటికి చేరేది. మొదటి పాట ఆగస్టులోనే, షోకు దాదాపు నెల ముందే, దుకాణాల్లోకి వచ్చి నవంబరుకల్లా అమెరికా హిట్ పాటల బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. స్పాన్సర్లు ఇద్దరు: ఒక వారం కెలాగ్స్, ఇంకో వారం యార్డ్లీ. ఒకరు పొద్దున తినే గింజలు, మరొకరు ఆడపిల్లల సౌందర్య సాధనాలు అమ్మేవారు. షో ఎవరి కోసమో ఆ రెండు పేర్లే చెబుతాయి.

ఎన్‌బీసీకి అనుబంధంగా ఉన్న కొన్ని ఊళ్ల స్టేషన్లు మాత్రం మొదట్లో దీన్ని వెయ్యలేదు. ఆ జుట్టు వాళ్లకు నచ్చలేదు. అదే సమయానికి ఏబీసీలో ‘ఐరన్ హార్స్’, సీబీఎస్‌లో ‘గిలిగన్స్ ఐలాండ్’ వచ్చేవి. పేరు ఇంతగా మోగినా మంకీస్ ఆ ఏడాది రేటింగుల్లో మొదటి 30 షోలలో లేదు. అయినా 1967 జూన్‌లో ఉత్తమ కామెడీ సిరీస్‌గా అమెరికా టీవీ పురస్కారం ఎమ్మీ పట్టుకెళ్లింది. దర్శకుడు జేమ్స్ ఫ్రాలీకి ఇంకో ఎమ్మీ వచ్చింది.

ఇక షో నడక గురించి కాస్త. పని దొరకని నలుగురు కుర్రాళ్లు సముద్రం ఒడ్డున ఒక ఇంట్లో ఉంటారు. వారానికో ఉపద్రవం: గూఢచారులు, యువరాణులు, దెయ్యాల కొంపలు, సర్కస్‌లు. మధ్యలో నటుడు ఉన్నట్టుండి కెమెరా వైపు తిరిగి ప్రేక్షకులతో మాట్లాడతాడు, తెర మీద కొంటె అక్షరాలు పడతాయి. ఎపిసోడ్‌కు ఒకటో రెండో చోట్ల కథ ఆగిపోయి, నలుగురూ పరుగులు తీస్తూ, పడుతూ లేస్తూ, వేషాలు మారుస్తూ తిరుగుతారు. దీన్ని అక్కడ ‘రోంప్’ అంటారు. ఆ పరుగు వెనక పాట వస్తుంది. అందులో డైలాగు ఉండదు, పెదవులు కదిలించి పాడేదీ పెద్దగా ఉండదు. కెమెరా ఒకసారి వేగంగా, ఒకసారి మెల్లగా, తొందర తొందర కట్‌లతో. ఎడిటింగ్ బల్ల మీద పాట ట్రాక్ ఒక్కటీ తీసేసి ఇంకోటి పెడితే తెర మీద ఏమీ చెడదు. వేగం ఇంచుమించు కుదిరితే చాలు, ఆ పరుగు కొత్త పాట కోసమే తీసినట్టుంటుంది. కావాలని అలా కట్టారో లేదో గానీ, ఏ పాటైనా పట్టే ఖాళీ ఒకటి ప్రతి ఎపిసోడ్‌లోనూ ఉండిపోయింది.

ఆ ఖాళీని మొదట వాడుకున్నది ఎన్‌బీసీ రోజుల్లోనే. దాని వెనక ఒక గొడవ ఉంది. మొదటి రెండు ఆల్బమ్‌లలో ఈ నలుగురు ఎక్కువగా గొంతులే ఇచ్చారు. వాయించింది స్టూడియో కళాకారులు, పాటలు ఎంచింది సంగీత పర్యవేక్షకుడు డాన్ కిర్ష్‌నర్. రెండో ఆల్బమ్ విడుదలైన సంగతి తమకే ఆలస్యంగా తెలిసిందని నలుగురికీ మండింది. 1967 జనవరిలో బెవర్లీ హిల్స్ హోటల్లో జరిగిన సమావేశంలో నెస్మిత్ కోపం పట్టలేక గోడకు పిడికిలి దించాడన్నది ఆ కథల్లో ఎక్కువగా చెప్పుకునే ముక్క. కొన్ని వారాల్లోనే కిర్ష్‌నర్ ఉద్యోగం పోయింది. తర్వాత నలుగురూ తామే వాయిద్యాలు పట్టుకుని చేసిన ఆల్బమ్ మే నెలలో వచ్చింది. ఒక్క వారం మొదటి స్థానంలో కూర్చుందో లేదో, వెనకే వచ్చిన బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్’ దాన్ని కిందికి నెట్టేసింది.

సరిగ్గా ఆ వేసవిలోనే ఎన్‌బీసీ మొదటి సీజన్ ఎపిసోడ్లను మళ్లీ వెయ్యడం మొదలెట్టింది. పాత ఎపిసోడ్లలో పాత పాటలు, బజారులో ఏమో కొత్త పాటలు. దాంతో కొన్ని ఎపిసోడ్లలో రోంప్ వెనక పాట తీసేసి కొత్త ఆల్బమ్‌లోదో, అప్పుడే విడిగా (సింగిల్‌గా) వచ్చిన పాటో అతికించారు. మళ్లీ చూస్తున్న పిల్లవాడికి కొత్త పాట దొరికింది, కంపెనీకి ఖర్చు లేని ప్రకటన దొరికింది. పునఃప్రసారమంటే పాతదాన్ని ఉన్నది ఉన్నట్టు వెయ్యడమే అనుకునే రోజుల్లో ఇది తెలివైన ఎత్తే.

రెండో సీజన్‌కు గాలి మారింది. సీబీఎస్ తన కౌబాయ్ షో ‘గన్‌స్మోక్’ను తీసుకొచ్చి సోమవారం ఏడున్నరకు పెట్టింది. ఆగిపోవలసిన ఆ షో ఆ ఏడాది దేశంలో నాలుగో స్థానానికి ఎగబాకింది. ఇటు మంకీస్ నలుగురికీ పాత మూస మీద విసుగు పుట్టింది. సీజన్ నడుస్తుండగా వెనక వినిపించే రికార్డు నవ్వులు తీసేశారు. 1967 డిసెంబరు 25న వచ్చిన క్రిస్మస్ ఎపిసోడ్ చివర్లో నలుగురూ ఏ వాయిద్యమూ లేకుండా ఒక పాత స్పానిష్ పాట అందుకున్నారు. తర్వాత కెమెరా వెనక పనిచేసిన సిబ్బందిని ఒక్కొక్కరిగా తెర మీదికి తెచ్చి చూపించారు. మార్చిలో ఒక ఎపిసోడ్‌కు రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా వచ్చాడు. అతను నెస్మిత్ వేషం, నెస్మిత్ జాపా వేషం వేసుకుని ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకున్నారు. ఇదంతా కెలాగ్స్ గింజలు తింటూ చూసే పిల్లలకు ఎంత అర్థమైందో!

చివరి ఎపిసోడ్ 1968 మార్చి 25న. దాన్ని మికీ డోలెంజ్ స్వయంగా డైరెక్ట్ చేశాడు. అది మొదలవుతూనే వినిపించేది బీటిల్స్ పాట. పరాయి షోలో బీటిల్స్ అసలు రికార్డింగు వినిపించడం ఎంత అరుదో పాటల హక్కుల సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. కథేమిటంటే, ఒక మాంత్రికుడు టీవీ తెర మీద కన్ను బొమ్మ పెట్టి, చూసినవాళ్లను చూసినచోటే బొమ్మల్లా బిగుసుకుపోయేలా చేస్తాడు. టీవీ షో తన ఆఖరి రోజున టీవీనే విలన్ చేసిందన్నమాట. చివర్లో నలుగురిలో ఎవరూ లేరు. టిమ్ బక్లీ అనే కుర్రాడు గిటారు పట్టుకుని ఒక పాట పాడాడు. ఆ పాట రికార్డుగా బయటికి రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆదరణ కోసం తీసిన షోలు ఇలా ముగియవు. పోతూ పోతూ మనసుకు నచ్చింది చేసుకుని వెళ్లినట్టుంది.

మూడో సీజన్‌ను వేరే పద్ధతిలో, అతిథులతో వెరైటీ షోలా చేద్దామని నలుగురూ అన్నారు. ఎన్‌బీసీ ఒప్పుకోలేదు. ఆ వేసవి పునఃప్రసారాలు అయ్యాక సోమవారం ఏడున్నర సమయం ‘ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ’కి వెళ్లింది. నిర్మాతలు మంకీస్ డబ్బుతో సినిమాల్లోకి దిగి, 1969లో ‘ఈజీ రైడర్’ దాకా నడిచారు, అది వేరే కథ. ఎన్‌బీసీకి బాకీ ఉన్న ప్రత్యేక కార్యక్రమం ఒకటి 1969 ఏప్రిల్ 14న వచ్చింది. అదే రాత్రి ఏబీసీలో ఆస్కార్ వేడుక. ఎవరు చూస్తారు? టోర్క్ అప్పటికే బృందం వదిలేశాడు.

మామూలుగా అయితే కథ ఇక్కడ ఆగాలి. కానీ 1969 సెప్టెంబరు 13న సీబీఎస్ ఈ 58 ఎపిసోడ్లను శనివారం పొద్దుటి కార్టూన్ల మధ్య వెయ్యడం మొదలెట్టింది. అదే రోజు అదే ఛానల్లో ఆర్చీ కార్టూన్ కొత్త కార్యక్రమమూ మొదలైంది. ఆర్చీ పాటల సూత్రధారి ఎవరనుకున్నారు? మంకీస్ తరిమేసిన డాన్ కిర్ష్‌నర్. ఈసారి ఎదురు మాట్లాడని బొమ్మ పాత్రలతో బ్యాండు పెట్టుకున్నాడు. ఆ నెలలోనే ఆర్చీల ‘షుగర్, షుగర్’ దేశంలో మొదటి స్థానానికి ఎక్కింది. శనివారం పొద్దున టీవీ ముందు కూర్చున్న పిల్లలకు ఈ పగలూ పంతాలూ ఏం తెలుసు, ఇద్దరి పాటలూ విన్నారు.

సీబీఎస్ స్పాన్సర్ కూల్-ఎయిడ్. ఆ షర్బత్ పొడి ప్రకటనల్లో మిగిలిన మంకీస్ కార్టూన్ కుందేలు బగ్స్ బన్నీతో కలిసి నటించారు. కూల్-ఎయిడ్ యజమాని జనరల్ ఫుడ్స్‌దే పొద్దున తినే గింజలు అమ్మే పోస్ట్ కంపెనీ కూడా. ఆ గింజల డబ్బాల వెనక అట్ట మీద మంకీస్ పాటల రికార్డు అచ్చేసి ఇచ్చారు. కత్తెరతో గుండ్రంగా కత్తిరించుకుని రికార్డు ప్లేయర్ మీద పెట్టుకోవచ్చు. మొదట్లో కెలాగ్స్ వారి బిడ్డలు ఇప్పుడు ప్రత్యర్థి డబ్బా ఎక్కారు.

పాటల మార్పిడి అసలు జోరు చూపించింది ఈ మూడేళ్లలోనే. 1969 నుంచి వచ్చిన కొత్త రికార్డుల్లోని పాటలను తెచ్చి పాత రోంపుల వెనక పెట్టారు. 1970లో నెస్మిత్ కూడా వెళ్లిపోయాడు. ఆ జూన్‌లో వచ్చిన ఆల్బమ్‌లో మిగిలింది డోలెంజ్, జోన్స్ ఇద్దరే. ఆ ఇద్దరి పాటలూ నలుగురి ఎపిసోడ్ల మీదికి ఎక్కాయి. అంటే తెర మీద 1966 నాటి టోర్క్, నెస్మిత్ ఊలు టోపీతో గంతులు వేస్తున్నారు, వెనక వాళ్లు ముట్టనైనా ముట్టని 1970 పాట నడుస్తోంది. విడిపోయిన బ్యాండు శనివారం పొద్దున మాత్రం కలిసే ఉంది. ఆ ఆల్బమ్ బజారులో చతికిలబడింది, దాన్ని కొన్నవాళ్లు తక్కువ. అందులో పాటలు చాలామంది పిల్లలకు తెలిసింది ఈ పునఃప్రసారాల వల్లే. వాళ్ల దృష్టిలో అవే ఆ ఎపిసోడ్ పాటలు. పెద్దయ్యాక ‘అసలు’ చూపిస్తామంటే, తాము చూసింది నకిలీ అన్నట్టు ఉండదూ?

1972 సెప్టెంబరులో శనివారం షో ఏబీసీకి మారి మరో ఏడాది నడిచింది. మూడు పెద్ద నెట్‌వర్కుల్లోనూ ఆడిన షోలు ఎన్నో లేవు. 1975 నుంచి ఊళ్ల స్టేషన్లకు విడివిడిగా అమ్మడం మొదలైంది. అప్పటి అమెరికాలో ఏ నెట్‌వర్కుకీ చెందని స్వతంత్ర స్టేషన్లకు బడి విడిచే వేళ నుంచి చీకటి పడేదాకా ఏదో ఒకటి వెయ్యాల్సిన అవసరం ఉండేది. చౌకగా దొరికే పాత అరగంట కామెడీలే వాటికి ఆధారం. ఎక్కువ ప్రకటనలు పట్టాలని సీన్లు కత్తిరించడం అక్కడి మామూలు పద్ధతి. 58 ఎపిసోడ్లంటే వారానికి ఐదు చొప్పున వేస్తే మూడు నెలల్లో అయిపోతాయి, మళ్లీ మొదటి నుంచి. పిల్లలకు కంఠతా వచ్చేసేది అందుకే.

బ్రిటన్‌లో దారి వేరు. 1966 డిసెంబరు 31న బీబీసీ1లో మొదలైంది, నెల తిరక్కుండానే ‘ఐయామ్ ఎ బిలీవర్’ అక్కడా మొదటి స్థానంలో ఉంది. కానీ బీబీసీ1కు రంగులు వచ్చింది 1969 నవంబరులో. కాబట్టి అక్కడివాళ్లు ఇంత రంగుల అల్లరినీ మొదట నలుపు తెలుపులోనే చూశారు. అదే 1967లో డోలెంజ్ రాసిన ఒక పాట పేరు అక్కడి వాడుకలో బూతు కావడంతో, బ్రిటన్ విడుదలకు ‘ఆల్టర్నేట్ టైటిల్’ అని పేరు పెట్టారు. పేరు మార్చమంటే ‘మార్పు పేరు’ అనే పెట్టారన్నమాట. కొంటెతనం పోలేదు.

1986 ఫిబ్రవరి 23, ఆదివారం. పాటల వీడియోలు వేసుకునే ఎంటీవీ, దాదాపు రోజంతా మంకీస్ ఎపిసోడ్లను వరసగా వేసింది. అప్పటికి ఈ షో వయసు ఇరవై ఏళ్లు, చూస్తున్నవాళ్లలో చాలామంది అది వచ్చినప్పటికి పుట్టనేలేదు. స్పందన చూసి ఎంటీవీ రోజువారీ ప్రసారం చేసింది. దాని తోబుట్టువు ఛానల్ నికలోడియన్ కూడా వేసింది. పాత ఆల్బమ్‌లు మళ్లీ బిల్‌బోర్డ్ పట్టికలోకి ఎక్కాయి. డోలెంజ్, జోన్స్, టోర్క్ ఆ ఏడాది చేసిన యాత్రకు జనం పోటెత్తారు. నెస్మిత్ సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ వేదిక మీద ఒక్క రాత్రి కలిశాడు. పాటను బొమ్మతో చూపించాలన్న ఆలోచనలో అతనిదీ పెద్ద చెయ్యే. ఎంటీవీకి ముందే, 1980లో నికలోడియన్‌లో వీడియోల కార్యక్రమం నడిపింది అతనే. వెంటపడే కెమెరా, తొందర కట్‌లు, కథతో సంబంధం లేని పరుగు, పాట వెనక ఏ బొమ్మైనా సరే అన్న ధోరణి ఎంటీవీ పిల్లలకు కొత్తగా అనిపించకపోవడంలో వింతేముంది? ఆ ఊపు చూసి 1987లో కొత్త నలుగురితో ‘న్యూ మంకీస్’ తీశారు. 13 ఎపిసోడ్లతో మూతపడింది.

ఈ పునఃప్రసారాల డబ్బు ఎటు పోయిందో కూడా చెప్పుకోవాలి. మొదటి సీజన్‌లో నలుగురికీ వారానికి తలా 450 డాలర్లని చెబుతారు. అప్పటి నటుల ఒప్పందాల్లో పునఃప్రసారానికి ఇచ్చే సొమ్ము కొన్ని విడతలతో ఆగిపోయేది. ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లూ ఇవ్వాలన్న నియమం నటుల సంఘం 1974లో సాధించుకున్నదే, అది వీళ్లకు వర్తించలేదు. ఎంటీవీ రోజుల్లో వీళ్లు ఊరూరా తిరిగి పాడటానికి సరదాతో పాటు ఈ లెక్కా ఉంది.

1994లో రికార్డుల కంపెనీ రైనో హక్కులు కొని, మరుసటి ఏడాది 58 ఎపిసోడ్లనూ వీడియో క్యాసెట్ల పెట్టెగా తెచ్చింది. 2003లో డీవీడీలు, 2016లో యాభయ్యేళ్ల సందర్భంగా బ్లూ-రే. వీటిలో ప్రామాణికంగా తీసుకున్నది ఎన్‌బీసీ మొదటి ప్రసారం నాటి పాటలనే. చరిత్రకారుడి లెక్కలో అది సబబే. కానీ ఈ షోను ఎక్కువమంది పిల్లలు గుండెకు హత్తుకున్నది ఏ సోమవారమో కాదు, శనివారాలూ సాయంత్రాలూ. 1970 పాటలున్న రూపాన్ని ‘మార్చినది’ అని ఒక మూలకు నెట్టడం నాకు సరిగా అనిపించదు. అది కూడా అదే బ్యాండు పేరుతో, అదే వ్యాపారం కోసం చేసిన ప్రసారం. ఈ షోకు రెండు మూడు అసళ్లు ఉన్నాయని ఒప్పుకుని, ఎపిసోడ్ పక్కన ఏ తేదీకి ఏ పాట వచ్చిందో రాసి పెట్టుకుంటే తగువు సగం తీరుతుంది. అభిమానుల్లో ఓపికున్నవాళ్లు ఎప్పటి నుంచో ఆ పనే చేస్తున్నారు.